మెర్లో తోటలో తొమ్మిదో వరుస

మెర్లో అనే వైన్ ద్రాక్ష ఎలాంటిదని అడిగేవాళ్ళకి మా వైనరీలో ఒక రంగుల కాగితం ఇస్తారు. మెత్తన, నునుపు, పట్టులాంటి రుచి అని అందులో చాలా రాసి ఉంటుంది. తప్పేం కాదు. కానీ ఆ కాగితం రాసినాయన తీగ ముందు మోకాళ్ళ మీద ఒక్క పూట కూడా కూర్చుని ఉండడు. నాకు తెలిసిన మెర్లో అంతా మా పెద్దమ్మ వెనకాల మోకాళ్ళ మీద జరుగుతూ నేర్చుకున్నదే. దాని గురించి చెప్పాలంటే ముందు ఆవిడ గురించి చెప్పాలి.

మా అమ్మకి అక్క ఆవిడ. తోటలో మాత్రం అందరికీ టేపమ్మ. అంటుకట్టే టేపు చుట్టని గాజులా మణికట్టుకి తొడుక్కునే తిరిగేది. అన్నానికి కూర్చున్నా తీసేది కాదు. పెద్దనాన్న పోయినప్పటినుంచీ తోట తోటకీ తిరిగి అంట్లు కట్టడమే ఆవిడ బతుకు. ఒక తోటలో ఆరు వారాలు, ఇంకోచోట నాలుగు. పని ఉన్నన్నాళ్ళు పనివాళ్ళ షెడ్డులో ఒక మంచం. పని అయిపోతే బస్సు. యాభై రెండేళ్ళు వచ్చేసరికి ఆవిడ చేతిమీదుగా ఎన్ని వేల తీగలు మొలిచాయో చెప్పడం కష్టం. వాటిలో ఒక్కటి కూడా కాపు కాయగా ఆవిడ చూడలేదు. కట్టిన అంటు కాయడానికి రెండేళ్ళు పడుతుంది. అప్పటికి ఆవిడ ఇంకెక్కడో ఉండేది.

"పురుడు పోసి వెళ్ళిపోయే మంత్రసాని బతుకే నాది. బిడ్డ నడిచిందో లేదో ఎవరూ కబురు పెట్టరు," అనేది. నవ్వుతూనే అనేది గానీ, ఒక్కచోట నిలబడి తన అంటు కాయడం చూడాలన్నది ఆవిడకున్న ఒకే ఒక్క కోరిక అని నాకు తెలుసు.

నేను ఆవిడకి జత. నేను పనిచేసే బట్టల ఫ్యాక్టరీ మూతపడి ఇంట్లో కూర్చున్నప్పుడు, నాకప్పుడు ముప్ఫై రెండేళ్ళు, "కుట్టుపని చేసిన చెయ్యి కట్టు కూడా కడుతుందిలే" అని వెంటబెట్టుకుపోయింది. అంటుకట్టడం ఇద్దరి పని. ముందు మనిషి మాను బెరడు చీల్చి కన్ను, అంటే పుల్ల మీది చిగురు మొగ్గ, దించాలి. వెనక మనిషి కన్ను మాత్రం బయటికి కనబడేలా చుట్టూ టేపు బిగించాలి. వదులైతే కన్ను ఎండుతుంది. బిగువైతే ఊపిరాడక చస్తుంది. మొదటి నెలంతా నా కట్లు విప్పి మళ్ళీ కట్టించింది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. "మళ్ళీ," అనేది, అంతే.

పని చేస్తూ చేస్తూ ద్రాక్షల గుణాలు చెప్పేది, బంధువుల గుణాలు చెప్పినట్టు.

"కేబర్నే ఉంది చూశావూ, అది అత్తగారి రకం. తోలు మందం, నోరు గట్టి, ఏళ్ళు గడిస్తే గాని మెత్తబడదు. మెర్లో మంచి అల్లుడు. వచ్చిన ఏడాదే అందరితో కలిసిపోతుంది. నోట్లో పేచీ పెట్టదు."

"మరి లోపం లేదా పెద్దమ్మా?"

"లేకేం? తొందర. అన్నిటికంటే ముందు చిగురేస్తుంది, మంచు కాటు తింటుంది. ముందే పండుతుంది. పండిందని తెలిశాక నాలుగు రోజులు ఆలస్యం చేశావో, లేహ్యంలా అయిపోతుంది. తోలు పలచన, వాన పడితే కుళ్ళు. అన్నిటికన్నా పెద్ద జబ్బు పూతప్పుడు. చలిగాలికి నాలుగు చినుకులు పడ్డాయంటే పూత మొత్తం రాల్చేసుకుని కూర్చుంటుంది."

నేల విషయంలోనూ దానికి పట్టింపు ఉందనేది. గులకరాళ్ళ నేలలో ఎండలకి డస్సిపోతుంది. కాస్త చల్లగా, తేమ పట్టి ఉంచే బంకనేల అయితే హాయిగా ఉంటుంది. పండిందీ లేనిదీ పండు తీపి చూసి కాదు, గింజ కొరికి చెప్పాలనేది. పచ్చి గింజ నాలుకని పట్టేస్తుంది. పండిన గింజ గోధుమరంగు తిరిగి, వేయించిన పప్పులా పటుక్కుమంటుంది.

ఇలా నడుస్తుండగా ఇప్పుడు నేనున్న ఈ తోటలో పని వచ్చింది. ఇక్కడ ఇరవై ఎకరాల్లో పాత తెల్లద్రాక్ష ఉండేది. కొనేవాళ్ళు తగ్గిపోయారు. మానులు పీకకుండా తలలు కోసేసి, పాత వేళ్ళ మీదే మెర్లో అంటు కట్టించాలని యజమానురాలి ఆలోచన. ఆవిడని అందరూ మేడం అంటారు. పొడుగ్గా, ఎండకి కమిలిన మొహంతో ఉంటుంది. మాటలు తక్కువ.

"పన్నెండు వరుసలు ముందు కట్టండి," అంది పెద్దమ్మతో. "నూటికి తొంభై బతికితే మిగతా తోట మీకే ఇస్తాను. నర్సరీ ఉద్యోగం కూడా. దాని వెనక రెండు గదులున్నాయి, ఉండొచ్చు. తొంభై రాకపోతే బయటి ముఠాని పిలుస్తాను. వాళ్ళు పది రోజుల్లో పూర్తి చేసేస్తామంటున్నారు."

పెద్దమ్మ సరేనంది. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుంది. నర్సరీ వెనకనున్న ఆ రెండు గదులదాకా లాక్కెళ్ళింది.

కళ్ళ కోసం పుల్లలు కావాలి కదా. ఈ తోట చివర పాత మెర్లో ఉన్న నేల ముక్క ఒకటి ఉంది. అంతకు ముందటేడు పూత సమయంలో వేరే పనిమీద మేమిద్దరం ఇక్కడ వారం రోజులున్నాం. నాలుగు రోజులు చలివాన పట్టింది. అందరూ షెడ్డులో ముడుచుకుని కూర్చుంటే, పెద్దమ్మ గొడుగేసుకుని ఆ ముక్కలో తీగ తీగా చూసి, పూత నిలబెట్టుకున్న నలభై తీగలకి ఎర్రదారం కట్టి వచ్చింది. సూపర్‌వైజర్ చూసి ఒకటే నవ్వు. ఆయన మెళ్ళో ఎప్పుడూ ఈల వేలాడుతుంది, అందుకని మాకు ఈల బాబాయి.

"ఏంటి టేపమ్మా, తీగలకి తాయెత్తులు కడుతున్నావా?"

"నీక్కూడా ఒకటి కట్టమంటావా బాబాయ్? నోరు కాస్త అదుపులో ఉంటుంది."

ఇప్పుడు చలికాలంలో ఆ నలభై తీగల నుంచే పుల్లలు కోశాం. తడి గోనెల్లో చుట్టి చల్లగదిలో దాచాం. వేసవి మొదట్లో, మానుల్లో నీరు ఎక్కి బెరడు సులువుగా లేస్తున్న రోజుల్లో, పని మొదలుపెట్టాం. వరుసకి అరవై మానులు. ఒక్కో మానుకి రెండు కళ్ళు.

ఎనిమిదో వరుస చివర్లో కత్తి జారి పెద్దమ్మ కుడి బొటనవేలు తెగింది. లోతుగానే తెగింది. టేపు చింపి వేలికి చుట్టుకుంది.

"దీనికీ అంటు కట్టేశాను. పట్టుకుందంటే ఇంకో వేలు మొలుస్తుంది," అంది.

"ఇవాళ్టికి ఆపుదాం పెద్దమ్మా."

"బెరడు మన వేలు మానేదాకా ఆగుతుందా? నాకు ఎడం చేత్తో కూడా వచ్చులే."

నిజంగానే వచ్చు. తొమ్మిదో వరుస మొత్తం ఎడం చేత్తో కోసింది. చక్కటి కోతలు, పొల్లు పోకుండా. నేను వెనకాలే కట్టుకుంటూ వచ్చాను. మర్నాడు వేలికి తొడుగేసుకుని మళ్ళీ కుడిచేతికి మారిపోయింది. పన్నెండో వరుస అయిపోయాక ఇద్దరం నేలమీదే వెల్లకిలా పడుకుని నవ్వుకున్నాం.

మూడు వారాలకి కళ్ళు ఉబ్బి చిగుళ్ళు తొంగిచూశాయి. మెర్లో లేతచిగురు కొనకి తెల్లటి నూగుంటుంది. దూరం నుంచి చూస్తే ప్రతి మాను మీదా ఎవరో పిసరంత దూది అంటించినట్టుంది. ఈల బాబాయి ఉదయమంతా లెక్కపెట్టి, ఈల గట్టిగా ఊది మరీ చెప్పాడు.

"ఏడువందల ఇరవైకి ఆరువందల తొంభై ఒకటి! నూటికి తొంభై ఆరు! రెండు గదులకీ సున్నం కొట్టిద్దామా టేపమ్మగారూ?"

గారు అనడం ఆరోజే మొదలుపెట్టాడు. పెద్దమ్మ నవ్వింది గానీ చూపు వరుసల మీదే ఉంది. ఆయన వెళ్ళాక మెల్లగా నడుచుకుంటూ పోయి తొమ్మిదో వరుసలో ఆగిపోయింది. ఎంతకీ కదలదే అని నేను వెళ్ళాను.

అక్కడ చిగుళ్ళు పైకి లేవడం లేదు. నేలకేసి దిగి, కొక్కెంలా వంకర తిరిగి, అప్పుడు పైకి చూస్తున్నాయి. పెద్దమ్మ ఒక టేపు విప్పి చూపించింది. ఆకు ఊడిన మచ్చ ఎప్పుడూ కన్ను కింద ఉండాలి. ఇక్కడ పైన ఉంది. ఇంకొకటి విప్పింది. అదీ అంతే. అరవై మానులూ అంతే.

కుడిచేతి నుంచి ఎడంచేతికి మారినప్పుడు కత్తిని మార్చుకుంది, పుల్లని మార్చుకుంది. పుల్లని తిప్పుకోవడం మర్చిపోయింది. వరుస మొత్తం కళ్ళు తలకిందులుగా దిగాయి. ముప్ఫై ఏళ్ళ అలవాటున్న చేతికి మాత్రమే జరిగే తప్పు అది. కొత్తవాడైతే ప్రతి పుల్లా ఒకటికి రెండుసార్లు చూసుకుంటాడు.

నేనూ చూడలేదు కదా. నా కళ్ళు టేపు మీదే ఉన్నాయి.

"ఎవరికి తెలుస్తుంది పెద్దమ్మా?" అన్నాను. "బతికాయి, పచ్చగా ఉన్నాయి. లెక్క అయిపోయింది. వంకర తిరిగినా తీగ తీగే కదా."

"గాలి తెలుసుకుంటుంది," అంది. "ఆ వంపు దగ్గర బలం ఉండదు. వచ్చే ఏడాది చిగుళ్ళు బారెడు పెరిగాక విరుగుతాయి. అప్పుడు ఎవరు కట్టారని అడిగితే ఏం చెబుతావ్?"

"ఈ వరుస తీసేస్తే తొంభై రాదు. లెక్క చూసుకున్నావా?"

"నడుస్తూనే చూసుకున్నా. ఎనభై ఎనిమిది కూడా రాదు."

చేతులు కడుక్కుని, జుట్టు సర్దుకుని ఆఫీసుకి బయలుదేరింది. వెనకాలే నేనూ.

ఆఫీసంటే ఇరుకు గది. అలమార నిండా సీసాల్లో మట్టి నమూనాలు. బయటి ముఠా ఏజెంటు అప్పటికే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పని పోయిందని తెలిసి ఆఖరి ప్రయత్నంగా వచ్చినట్టున్నాడు. పెద్దమ్మ అతని ముందే చెప్పింది, ఒక్క మాట తగ్గించకుండా.

ఏజెంటు కుర్చీలో వెనక్కి వాలాడు. "తల ఏదో తోక ఏదో తెలియని చేతికా మేడం ఇరవై ఎకరాలు ఇస్తున్నది?"

"మీ మనుషులు ఎప్పుడూ తిరగేసి పెట్టలేదా?" అంది మేడం.

"మా దగ్గర అలాంటివి జరగవండీ."

"జరగవా, తెలియవా?" అని పెద్దమ్మ వైపు తిరిగింది. "మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. కానీ చెప్పారు. ఇక మీ లెక్కే నా లెక్క. తొంభై రాలేదు."

"రాలేదండీ."

"మాటంటే మాట. మిగతా తోట వీళ్ళ ముఠాకే ఇవ్వాలి."

"ఇవ్వండి. ఒక్కటి మాత్రం అడుగుతాను. ఆ పన్నెండు వరుసలూ పీకించకండి. కాపు వచ్చేదాకా రెండేళ్ళు చూడండి. తొమ్మిదో వరుస బాగోగులు నేను వచ్చి చూసుకుంటాను. ఇంకోటి, ఈ పిల్ల తప్పేం లేదు ఇందులో. కట్టు చూడండి, ఒక్కటి జారలేదు. దీన్ని తోటలో పనికి ఉంచుకోండి."

ముప్ఫై దాటిన నన్ను పిల్ల అంది. తనకి రావాల్సిన ఉద్యోగం పోతున్న నిమిషంలో నాకు ఉద్యోగం అడిగింది. నేనూ చూసి ఉండాల్సింది, నాదీ సగం తప్పని చెప్పబోతే, మోచేత్తో నా పక్కటెముకలో ఒక్క పోటు పొడిచింది. మేడం ఆ పోటు చూసింది, చూడనట్టే సరేనని తలాడించింది. అలా నేను ఈ తోటలో ఉండిపోయాను. పెద్దమ్మ బస్సెక్కింది.

ఆ రెండేళ్ళూ ఆవిడ ఎక్కడ పనిచేస్తున్నా ఆదివారం పూట వచ్చేది. ఒక్కోసారి రెండు బస్సులు మారి వచ్చేది. వంపు దగ్గర ఒక కట్టు, దానికి జానెడు పైన ఇంకో కట్టు, కర్రకి ఆనించి. ఎనిమిది అంకెలా చుట్టాలి, రెమ్మ ఒరుసుకోకుండా. నాకు నేర్పించి, నేను కట్టినవి మళ్ళీ తనే చూసుకునేది. అయినా మొదటి ఏడాది గాలికి పద్నాలుగు విరిగాయి. విరిగినవాటికి మళ్ళీ కొత్తగా కళ్ళు దించింది.

ఈల బాబాయి గట్టు మీద నిలబడి అనేవాడు, "ఎందుకమ్మా ఈ చాకిరీ? జీతం లేదు, బత్తెం లేదు."

"నీ ఈలకి జీతమిస్తున్నారా బాబాయ్? అయినా ఊదుతున్నావుగా," అనేది.

రెండో ఏడు పూతకి చలివాన పట్టుకుంది. ఐదు రోజులు వదలలేదు. ఆరో రోజు ఎండ వచ్చాక తోటలోకి వెళితే, ముఠా కట్టిన వరుసల కింద నేలంతా రాలిన పూతే. తరవాత కాయలు కట్టిన గుత్తులు కూడా పళ్ళూడిన దువ్వెనల్లా ఉన్నాయి. గుత్తికి పది కాయలు, మధ్యలో ఆవగింజంత పచ్చి పిందెలు. వాళ్ళు పుల్లలు ఎక్కడ చవకో అక్కడ కొన్నారు. ఏ తీగవో, ఆ తీగ ఏనాడైనా పూత నిలిపిందో లేదో ఎవరూ చూడలేదు. మా పన్నెండు వరుసల్లోనూ కొంత రాలింది. ఎందుకు రాలదు, మెర్లో కదా. కానీ గుత్తులు నిండాయి. తొమ్మిదో వరుస మిగతా పదకొండింటికంటే పలచనే. పొగడాల్సిన పని లేదు, కుంటి వరుస కుంటి వరుసే. నడిచింది, అంతే.

కోతకి వారం ముందు ఆదివారం పెద్దమ్మ వచ్చింది. నాలుగో వరుసలో ఒక పండు కోసి, పైకెత్తి వెలుగులో చూసింది. నలుపులో నీలం, పైన బూడిదలాంటి పొడి. నోట్లో వేసుకుని గింజలు చేతిలోకి ఉమ్ముకుని రంగు చూసింది. కొరికింది. పటుక్కుమంది.

"బుధవారం," అంది. "బుధవారం దాటనివ్వకండి."

అప్పుడు చూశాను, కళ్ళనిండా నీళ్ళు. ముప్ఫై ఏళ్ళ పనిలో తన అంటు పండు నోట్లో పడటం అదే మొదలు.

వెనకనుంచి మేడం వచ్చింది. గుత్తి కింద అరచెయ్యి పెట్టి బరువు చూసింది.

"ఈ పుల్లలు ఎక్కడివి?"

పెద్దమ్మ ఎర్రదారాల సంగతి చెప్పింది. మేడం అంతా విని, "మా పాత ముక్కలోవా? మా తోటలో ఏ తీగ మంచిదో మాకు తెలియలేదన్నమాట," అంది. గుత్తి కిందనుంచి చెయ్యి తీసి, "నర్సరీకి మనిషి కావాలి."

"తొమ్మిదో వరుస గుర్తుందా మేడం?"

"గుర్తుంది. పద్నాలుగు విరగడం చూశాను. ఎవరూ చెప్పకుండా మళ్ళీ కట్టడం చూశాను. ఆ రెండు గదుల్లో కిటికీ ఒకటి సరిగా మూతపడదు. బాగు చేయిస్తాను. ఎప్పుడొస్తారు?"

పెద్దమ్మ మణికట్టు మీది టేపు చుట్ట సర్దుకుంది. అప్పుడు అంది: "బుధవారం కోత ఉంది కదండీ. మంగళవారానికి వచ్చేస్తాను."

నర్సరీలో చేరగానే ఆవిడ పెట్టిన మొదటి నియమం, పుల్ల ఏ తీగనుంచి కోసినా అక్కడికక్కడే పైకొనని తెల్లసున్నంలో ముంచాలి. సున్నం లేని పుల్ల తోటలోకి రాకూడదు. కొత్తగా చేరినవాళ్ళు ఎందుకని అడిగితే ఏ సంకోచమూ లేకుండా తొమ్మిదో వరుసకి తీసుకెళ్ళి చూపించేది. "ఇది నేను చేసిన తప్పు, చూసుకోండి," అనేది. ఈల బాబాయి ఊరుకుంటాడా, "మా తోటలో పుల్లలు కూడా టోపీ పెట్టుకునే పనిలోకొస్తాయి" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు. పక్క తోటలవాళ్ళు మొదట నవ్వారు. ఇప్పుడు వాళ్ళూ ముంచుతున్నారు.

పెద్దమ్మకి ఇప్పుడు అరవై మూడు. మోకాళ్ళు వంగవు. నర్సరీ గుమ్మంలో ఎత్తుపీట మీద కూర్చుని కత్తులు సాన పడుతుంది. కత్తి నా చేతికి వచ్చింది, నా వెనకాల టేపు కట్టడానికి ఇంకొకరు వచ్చారు. వాళ్ళ కట్టు జారినప్పుడల్లా నా నాలుక చివరిదాకా విసుగు వస్తుంది. నేను నేర్చుకున్న ఆ మొదటి నెలంతా ఆవిడ నామీద ఒక్కసారి కూడా విసుక్కోలేదని గుర్తొస్తుంది. "మళ్ళీ," అంటాను, అంతే.